కుర్సీ కోసం సర్దిన గది

బెల్లంపల్లిలో మాకు బొగ్గు గనుల కంపెనీ క్వార్టరు వచ్చిందని మా ఆయన చెప్పినప్పుడు సంబరపడ్డాను. తాళం తీసి ముందు గదిలో అడుగుపెట్టాక ఆ సంబరం ఎటు పోయిందో తెలియదు. మాకంటే ముందున్నవాళ్ళు ఆ గదిలోనే బొగ్గు పొయ్యి పెట్టుకుని వండుకున్నట్టున్నారు. గోడలు నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. ఒక మూల మేకను కట్టేసిన గుంజ కూడా ఉంది. మేక పోయింది గానీ వాసన పోలేదు. కప్పు కింద బూజు దండలు దండలుగా వేలాడుతోంది. ఊళ్ళో నన్ను కన్న మా అవ్వ పశువుల కొట్టాన్ని ఇంతకంటే శుభ్రంగా ఉంచేది.

గోడలకు నేనంత సిగ్గుపడేదాన్ని కాదేమో. కానీ ఆ రోజే మేనేజరు గారి భార్య మా క్వార్టర్ల వరసలో నడుచుకుంటూ పోతూ ఆగి, గడపలోంచి తొంగి చూసింది. కోస్తా జిల్లా నుంచి వచ్చిన మనిషి. మాట మెత్తన, చీర కుచ్చిళ్ళు ఎన్నడూ చెదరవు. గదిని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "పర్వాలేదులే అమ్మాయ్, మీకు అలవాటే కదా" అని పోయింది. నన్ను ఓదార్చడానికే అన్నదని ఇప్పటికీ నమ్ముతాను. అప్పుడు మాత్రం ఆ ఓదార్పే గుచ్చుకుంది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చీపురు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

ఎందుకంటే అలవాటే. అందులో అబద్ధం లేదు. నేను హుస్నాబాద్ దిక్కు పల్లెటూరి పిల్లను. మా బాపు ఊరి దొర కోటలాంటి ఇంట్లో, గడీలో, పనిచేసేవాడు. జీతమున్న పని కాదు. పిలిస్తే పోవాలి, పొమ్మంటే రావాలి. మా పొలంలో నాట్లు పడ్డా పడకపోయినా దొర పొలంలో పడాలి. అదంతా నాకు చిన్నప్పుడు వింతగా అనిపించేది కాదు. అందరి బాపులూ అంతే అనుకునేదాన్ని.

ఒకనాడు అవ్వకు జ్వరమొచ్చి, బాపుకు బువ్వ ఇచ్చి రమ్మని నన్ను గడీకి పంపింది. పెద్ద దర్వాజా దాటి లోపలికి పోయాను. ఎత్తు అరుగు మీద సింహం తలల టేకు కుర్సీలో దొర కూర్చున్నాడు. కింద ఎండలో బాపు గొంతుక్కూర్చున్నాడు, తల రుమాలు తీసి నడుముకు చుట్టుకుని. దొర మా పెద్దన్న వయసువాడు. బాపును "ఒరే" అంటున్నాడు. ఇంట్లో గొంతెత్తితే కొట్టంలో ఎడ్లు కూడా చెవులు నిక్కించేవి, అటువంటి మనిషి అక్కడ తడిసిన పిల్లిలా ఉన్నాడు. బువ్వ ముంత గోడ మీద పెట్టి ఇంటికి ఉరికాను. తర్వాత అవ్వ ఎంత తిట్టినా మళ్ళీ గడీకి పోలేదు.

కాలం మారింది. నిజాం రాజ్యం పోయింది. గడీ తలుపులకు తాళం పడింది, దొర హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నాడు. బాపు కౌలుకు భూమి పట్టి వ్యవసాయం చేసుకుంటున్నాడు, ఎవరి పిలుపూ లేదు. నాకు పెళ్ళయి బొగ్గు బాయిల ఊరికి వచ్చాను. బాపు మాత్రం నా కళ్ళల్లో ఆ ఎండలోనే ఉండిపోయాడు.

మా దిక్కు ఆడపిల్ల కొత్త ఇంట్లో కాలు పెడితే తల్లిగారు వచ్చి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరపండ్లు, రవికె బట్ట పిల్ల ఒడిలో పోసి, ఇరుగుపొరుగు ముత్తైదువలను పిలిచి బొట్టుపెట్టి పంపుతారు. మోదుగు పూలు రాలేలోగా వస్తామని అవ్వ కబురు పంపింది. బాపు కూడా వస్తాడట. నా కాపురానికి బాపు రావడం అదే మొదటిసారి. అంతకుముందు అవ్వ ఒక్కతే వచ్చిపోయేది. బాపుకు ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం పడేది.

వరసలో ఆడవాళ్ళందరినీ పిలవాలి. మేనేజరు గారి భార్యను పిలవకుండా ఉండే వీలు లేదు. నాకు అప్పుడు పుట్టింది పట్టుదల. వాళ్ళంతా వచ్చేసరికి ఆ గది చూడముచ్చటగా ఉండాలి. ఆ గదిలో మా బాపు నడుము నిలబెట్టి, దర్జాగా, పైన కూర్చోవాలి. కప్పూ సాసరూ పట్టుకుని చాయ్ తాగాలి. వాళ్ళు చూడాలి. వాళ్ళకంటే ముందు నేను చూడాలి.

మా ఆయన టైం ఆఫీసులో హాజరు రాసే చిన్న గుమాస్తా. ఇంటి ఖర్చు పోగా మిగిలే జీతం గదికి ముస్తాబు చేసేంత లేదు. "జర ఆగరాదా, బోనస్ వస్తది" అన్నాడు.

"నీ బోనస్ వచ్చేటాళ్ళకు గోడలు మన మీదనే కూలుతయి" అన్నాను.

కొంగు బిగించాను. బట్టీ సున్నం తెచ్చి డ్రమ్ములో నానబెట్టాను. చేతికి అంటకుండా ఉండడానికి తుమ్మబంక ఉడికించి కలిపాను. మెరవాలని నీలిమందు కొంచెం ఎక్కువే వేశాను. ఆరాక చూస్తే గోడలన్నీ నీలంగా తేలాయి. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి గడపలో నిలబడి చూశాడు.

"గోడలకు సలి వెట్టినట్టున్నదే. దుప్పటి కప్పరాదా?"

మర్నాడు మళ్ళీ సున్నం నానబెట్టాను.

మేనేజరు గారి బంగళాలో గోడల కింది సగానికి కాఫీ రంగు ఆయిల్ పెయింటు ఉండేది. ఎప్పుడో ఆయన సంతకం కోసం మా ఆయనతో పోయినప్పుడు గుమ్మంలోంచి చూశాను. ఆయిల్ పెయింటు మన తరమా? మా ఊళ్ళో ఇళ్ళకు పూసే జాజు ఎర్రమట్టిలో మెత్తటి మసి కలిపి చూశాను. అచ్చం అదే రంగు వచ్చింది. దారం పట్టి గీత కొట్టి, కింది సగమంతా పూశాను. దూరం నుంచి చూస్తే బంగళాయే. ఆనుకుంటే మాత్రం వీపుకు అంటుకునేది. మా ఆయన తెల్ల చొక్కా ఒకటి అట్లా బలయింది. నేను మురిసిపోయే గోడ మీద మనిషి వీపు అచ్చు పడితే దాని మీద మళ్ళీ పూత వేయాల్సి వచ్చింది.

పరదాలకు మార్కిను గుడ్డ తెచ్చాను. తెల్లగా వేలాడదీస్తే దవాఖానలా ఉంటుంది. స్టేషను అవతలి అడవిలోంచి మోదుగు పూలు ఏరించి, పెద్ద గంజులో ఉడకబెట్టి, ఆ నీళ్ళలో గుడ్డ ముంచాను. హోలీకి పిల్లలు చల్లుకునే రంగు అది. గుడ్డ పండు నారింజ రంగుకు తిరిగింది. అవ్వ ఇచ్చిన పాత పట్టుచీర చిరిగిపోయినా అంచు గట్టిగానే ఉంది. ఆ అంచు విప్పి పరదా కింద కుట్టాను. కిటికీకి కట్టిన రోజు ఎండ దాంట్లోంచి పడి గదంతా పసుపు రాసుకున్న పెళ్ళికూతురిలా కనబడింది. నాకు నేనే ముచ్చటపడ్డాను.

కూర్చోవడానికి ఏమీ లేదు. బాయిలోకి పేలుడు మందు వచ్చే చెక్కపెట్టెలు ఖాళీ అయ్యాక వంటచెరుకుకు అమ్మేవాళ్ళు. మధ్యాహ్నం వరసలో ఆడవాళ్ళంతా కునుకు తీసే వేళ చూసి వాటిని ఇంటికి తెప్పించుకున్నాను. ఎవరైనా చూస్తే కట్టెల కోసమని చెబుదామనుకున్నాను. పెట్టెల మీది ఇంగ్లీషు అక్షరాలను గోడవైపు తిప్పి, రెండేసి జోడించి, మీద బొంతలు పరిచి, పాత చీర ముక్కలతో గలేబులు కుట్టి కప్పాను. బాయిలో మందు పేల్చే రంగు తీగల ముక్కలు మా ఆయన జేబులో వేసుకుని వస్తే వాటితో పూలబుట్ట అల్లి దూలానికి వేలాడదీశాను. ఎవరో నిర్మల్ నుంచి తెచ్చిన చెక్క పళ్ళెం, అంచు పెచ్చు ఊడిందని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకుని, పెచ్చు కనబడకుండా మేకు ఆ చోటే వచ్చేట్టు గోడకు కొట్టాను.

పని జరుగుతున్నన్ని రోజులు తలుపు సగం మూసే ఉంచాను. పక్కింటామె, "ఏం జేస్తున్నవే లోపట, తలుపు తెరుస్తలేవు?" అని అడిగితే, ఎలకలు పడుతున్నాం అన్నాను. మేము కష్టపడి చేసుకున్నదని తెలిస్తే దాని అందం పోతుందని నా భయం. అది ఎప్పటి నుంచో అట్లాగే ఉన్నట్టు కనబడాలి.

అన్నీ కుదిరాయి. కానీ కుర్సీ లేని గదిని ముందు గది అని ఎవరంటారు? పెట్టెల మీద ఎన్ని గలేబులు కప్పినా అవి పెట్టెలే. వాటి మీద బాపు కూర్చుంటే మళ్ళీ కిందనే కూర్చున్నట్టు నాకు అనిపించింది. మంచిర్యాల అంగట్లో కుర్సీలు చూసి, ధర అడిగి, అడిగినందుకు సిగ్గుపడి తిరిగి వచ్చాం.

అప్పుడు వచ్చాడు మా మేనమామ. అవ్వ తమ్ముడు. హుస్నాబాద్ అంగట్లో వడ్లు కొలిచేవాడు. లారీలు నడిపేవాళ్ళంతా ఆయనకు దోస్తులే. ఏ లారీ ఎక్కి వచ్చాడో, గోనెసంచులు చుట్టిన పెద్ద బరువును మా వాకిట్లో దించాడు.

"కోడలా, నీ గదికి సొమ్ము తెచ్చిన సూడు!"

తాళ్ళు కోసి సంచులు లాగాడు. లోపల కుర్సీ ఉంది. నల్లబడ్డ టేకు, వెనుక వీపుకు పేము అల్లిక, చేతుల చివర సింహం తలలు. ఒక సింహానికి చెవి లేదు. చూడగానే గుర్తుపట్టాను.

"గిది గడీలదే గదా మామా?"

"మరి! సామాన్ హర్రాజ్ వెట్టిండ్రు గదా, యాలం పాట. ఊర్లె ఒక్కడు పాట పాడలే. నేనే పాడిన. అగ్గువకు వచ్చింది."

"మరి నువ్వు కూసోక మాకెందుకు తెచ్చినవ్?"

మామ మెడ గోక్కున్నాడు. "కూసుంటనంటే మీ అత్త ఒప్పుకోలే. ఇంట్ల వెడితె వచ్చినోళ్ళు గడపలనే నిలవడుతున్నరు, సుట్టాలు సుత లోపటికి వస్తలేరు. కొట్టంల వెట్టిన. దాంట్ల కోడి గుడ్లు వెట్టింది." అని తనే నవ్వాడు. "మీది కంపెనీ ఊరు. ఈడ ఎవ్వలకెరుక అది ఎవ్వల కుర్సీయో? ఫికర్ జెయ్యకు."

నేను కూడా నవ్వాను. ఊరివాళ్ళ అమాయకత్వం గురించి మా ఆయనకు చెప్పి మళ్ళీ నవ్వాను. కుర్సీ అంటే కర్ర, పేము, నాలుగు కాళ్ళు. కుంకుడు రసంతో తోమి, నువ్వుల నూనె రాసి, తెగిన అల్లికను మనిషిని పిలిచి కట్టించాను. మా ఆయన కూర్చుని కాలు మీద కాలేసుకుని, "ఎవడురా ఆడ!" అన్నాడు. నేను కూర్చున్నాను. నా కాళ్ళు నేలకు అందలేదు. ఊపుతూ చాలాసేపు కూర్చున్నాను. ఏమీ కాలేదు.

ఇక గదంతా మళ్ళీ మొదటి నుంచి సర్దాను. కుర్సీని కిటికీ ముందు పెట్టి, పరదా వెలుగు దాని మీద పడేట్టు చూశాను. పెట్టెలను అటొకటి ఇటొకటి పక్కలకు జరిపాను. పూలబుట్టను దాని నెత్తి మీదికి మార్చాను. గుమ్మంలో అడుగుపెట్టినవాళ్ళ చూపు ముందు దాని మీదనే పడాలి. నేను పట్టరాని సంబరంలో ఉన్నాను. గదిలో పని ముగిసిందని నాకు అప్పుడు అనిపించింది.

"మొదలు బాపే కూసోవాలె. అందరు వచ్చినంక, అందరి ముందట" అన్నాను.

మా ఆయన కుర్సీవైపు చూశాడు. "మీ బాపు కూసుంటడా?" అన్నాడు.

"ఎందుకు కూసోడు? బిడ్డ ఇల్లు గాదా?"

"నాకేమెరుక. అడిగిన అంతే."

ఒడిబియ్యం రోజు పొద్దున అవ్వ, బాపు పెద్దపల్లిలో రైలెక్కి వచ్చారు. స్టేషనుకు పోయిన మా ఆయన బియ్యం మూట అందుకోబోతే బాపు ఇవ్వలేదట, తలమీద పెట్టుకునే నడిచాడు. వాకిట్లో కాళ్ళకు నీళ్ళిచ్చాను. బాపు తెల్ల ధోతి కట్టుకున్నాడు, కొత్త రుమాలు తలకు చుట్టుకున్నాడు. గడ్డం నున్నగా గీయించుకున్నాడు. నన్ను చూసి పండ్లన్నీ కనబడేట్టు నవ్వాడు. "సన్నగైనవేంది బిడ్డా, బొగ్గు తింటున్నవా?" అన్నాడు. ఇట్లాంటి బాపును చూసి ఎన్నాళ్ళైందో.

నేను ముందు నడిచి పరదా తొలగించాను. బాపు గడపలో అడుగుపెట్టి గదిని చూశాడు, నవ్వుతూనే. అప్పుడు కుర్సీ కనబడింది.

ఏం జరిగిందో చెప్పాలంటే ఇప్పటికీ మాటలు కూడదీసుకోవాలి. బాపు ఉలిక్కిపడలేదు. నడుము వంగింది. వేసిన అడుగు వెనక్కి తీశాడు. చెప్పులు అప్పటికే వాకిట్లో విప్పాడు గదా, వాటిని పోయి తీసి, వీధి అవతల కంచె దగ్గర పెట్టి వచ్చాడు. వచ్చేసరికి తల మీది రుమాలు నడుముకు దిగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చేయమనలేదు. ఆయన చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి.

అవ్వ నన్ను వంటింట్లోకి లాగి చెంపలు వాయించుకుంది. "గిదేడికెల్లి వచ్చిందే?"

"మామ తెచ్చిండు."

"వానికి అక్కల్ లేదు, నీకన్న తెలివుండద్దా? తీసెయ్, లోపట వెట్టు."

నేను తీయలేదు. తీస్తే గదిలో ఏముంది? మేకు మీద పళ్ళెం, పెట్టెల మీద బొంతలు. తీయకపోవడం మొండితనం వల్ల కూడా కాదు. జర సేపైతే సర్దుకుంటాడని నమ్మాను. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, అంతే అనుకున్నాను. బాపు గోడకు అంటీముట్టనట్టు నిలబడి, "మంచిగ జేసుకున్నవ్ బిడ్డా. మస్తుగున్నది" అన్నాడు. చూపు మాత్రం నేల మీదనే ఉంది.

"కూసో బాపూ."

"కూసుంట తియ్. రైల్ల కూసునే వచ్చిన గదా."

ఆడవాళ్ళు రావడం మొదలైంది. పక్కింటామె గుమ్మంలోనే బుగ్గన వేలేసుకుని, "ఎలకలు వడుతున్నమంటివి గదనే!" అంది. ఒకామె పరదా అంచు పట్టుకుని చూసింది. మరొకామె కూర్చున్నది పెట్టె అని తెలియక మెత్తగా ఉందని మెచ్చుకుంది. చివరికి మేనేజరు గారి భార్య వచ్చింది. కనుబొమ్మలు పైకి లేపి, గదినంతా ఒక చుట్టు చూసింది. చూడనీ అనుకున్నాను.

నన్ను పీట మీద కూర్చోబెట్టారు. తల్లిదండ్రులిద్దరూ నా ఒడిలో బియ్యం పోయాలి. అవ్వ పోసింది. బాపు వంతు వచ్చింది. నా పీట కుర్సీకి ఎదురుగా ఉంది. నా ముందుకు వచ్చి నిలబడితే బాపు వీపు కుర్సీవైపు అవుతుంది. ఆయన అట్లా రాలేదు. దోసిలి నిండా బియ్యం పట్టుకుని, పక్క నుంచి, గోడ వెంట, ఎండ్రకాయ నడిచినట్టు అడ్డంగా జరుగుతూ వచ్చాడు. వంగి, మెడ ఒక పక్కకు తిప్పుకుని, చెయ్యి చాచి పోశాడు. సగం బియ్యం ఒడిలో పడ్డాయి, సగం నేల మీద. దాని వైపు వీపు తిప్పకుండానే వెనక్కి వెనక్కి జరిగి పోయాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. "ఆయన నడుముకు ఏమైనా నొప్పా అమ్మాయ్?" అని మేనేజరు గారి భార్య నిజంగానే కనికరంగా అడిగింది.

"అవునండి, నొప్పే" అన్నాను. ఒడిలో పసుపు బియ్యం పట్టుకుని తల వంచుకున్నాను. పిల్ల సిగ్గుపడుతోందని వాళ్ళు మురిసిపోయారు. సిగ్గే. తల్లిగారి బియ్యం ఒడిలో ఉండగా ఏ ఆడపిల్లా అంత సిగ్గుపడి ఉండదు. బాపు నా ఇంట్లో లేడు. నేనే సున్నం కొట్టి, పరదాలు కట్టి, ఆయనను తీసుకుపోయి మళ్ళీ ఆ ఎండలో కూర్చోబెట్టాను.

ముత్తైదువలకు బొట్లు పెట్టడం అయ్యాక బాపు దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. "బాపూ, నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి కూసో. దొర లేడు. ఆడ హైదరాబాదుల ఉన్నడు. గిది నా ఇల్లు."

"ఎరుకనే బిడ్డా. నాకెరుక లేదా? కూసుందామనే సూస్తున్న." నా వైపు చూశాడు. కళ్ళల్లో బతిమాలుడు ఉంది. "కాళ్ళు వంగుతలేవు."

మా ఆయన వంటింటి గుమ్మంలోంచి చాయ్ కప్పులు అందిస్తూ, "మామా, నిలవడే తాగుదురు గని, ఫికర్ లేదు" అని సర్దిచెప్పబోయాడు. నేను కప్పు తీసుకున్నాను. నిలబడ్డ చేతికే ఇచ్చేద్దామని రెండడుగులు వేశాను కూడా. అదే చేసి ఉంటే సరిపోయేది.

మేనేజరు గారి భార్య ఇదంతా చూస్తోంది. ముసలాయన తనను చూసి బెదురుతున్నాడనుకుంది. మంచి చేద్దామనే గొంతు పెంచింది. అది ఇంట్లో నౌకర్లతో మాట్లాడే గొంతు.

"ఏయ్! ఏంటలా నిలబడ్డావు? కూర్చో అక్కడ!"

బాపు కూర్చున్నాడు.

ఆమె నోట మాట పూర్తికాకముందే పోయి కూర్చున్నాడు. "బాంచెనమ్మా" అన్నాడు, గడీలో దొరసానితో అన్నట్టే, రెండు చేతులూ జోడించి. దొర కుర్సీలో, నా పరదా వెలుగులో, అంచు మీద, ఒక్క తొడ ఆనీ ఆననట్టు కూర్చున్నాడు. నేను కాళ్ళు మొక్కుతానన్నా వంగని మోకాళ్ళు ఆ గొంతుకు వంగాయి.

"చూశావా అమ్మాయ్! కాస్త గట్టిగా చెబితే సరి" అని ఆమె నవ్వింది. అందరూ హమ్మయ్య అన్నట్టు నవ్వారు. తర్వాత వాళ్ళ దృష్టి గది మీదికి పోయింది. గోడల రంగు బాగుందన్నారు. పరదా గుడ్డ ఎక్కడ కొన్నావని అడిగారు. "నేను మొదటి రోజు చూసిన గదేనా ఇది? చక్కగా సర్దావు, నీకు మంచి టేస్టు ఉంది" అని మేనేజరు గారి భార్య నా భుజం తట్టింది. ఆ మాట కోసమే కదా నేను నెలంతా సున్నంలో చేతులు పొక్కించుకున్నది! అది వినబడుతుంటే చెవులు మూసుకోవాలనిపించింది. అవ్వ వంటింట్లోంచి బయటికి రాలేదు.

బాపు చేతికి చాయ్ ఇచ్చాను. పట్టుకున్నాడు, తాగలేదు. కొంతసేపటికి ఆయన పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"ఇగ లేవనా, బిడ్డా?"

నన్నే అడిగాడు. ఆ గదిలో ఇప్పుడు అడగాల్సినది నన్నేనని అనుకున్నాడు.

"లే బాపూ" అన్నాను.

బాపు లేచాడు. కప్పు నా చేతికిచ్చాడు. నడుముకున్న కొత్త రుమాలు విప్పి, కుర్సీవైపు తిరిగి, తాను కూర్చున్న చోటును తుడిచాడు. ఒకసారి తుడిచి, వంగి చూసి, మళ్ళీ తుడిచాడు. ఆడవాళ్ళు మాటలు ఆపి చూస్తున్నారు. కప్పు పట్టుకుని నిలబడ్డ నాకు, అంత ముస్తాబు చేసిన ఆ గదిలో, కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.